ఎముకల మూటలు, ఏడు వందల రూపాయలు

ఢిల్లీలో ఒక సంస్థ బ్రతకడమా, మూతపడడమా అన్నది చివరకు ఒక ఫైలు మీద తేలుతుంది. ఆ ఫైలులో లాభనష్టాల పట్టిక ఉంటుంది. ఉద్యోగుల సంఖ్య, అప్పుల మొత్తం, భూముల విలువ ఉంటాయి. సంస్థ ఎందుకు పుట్టింది, ఎవరి చేతుల మీదుగా పెరిగింది అన్న విషయానికి అందులో స్థలం ఉండదు. 2016 డిసెంబరు 28న కేంద్ర మంత్రివర్గం ప్రభుత్వరంగంలోని కొన్ని మందుల కంపెనీలను మూసివేయడానికి, మరికొన్నింటిని విక్రయించడానికి ఆమోదం తెలిపింది. విక్రయించవలసిన వాటిలో కలకత్తాకు చెందిన బెంగాల్ కెమికల్స్ ఒకటి. ఆ వార్త చదివినవారిలో చాలామందికి అది నష్టాలు తెచ్చే మరొక ప్రభుత్వ కంపెనీ మాత్రమే. నూట ఇరవై సంవత్సరాలకు పైబడిన ఆ సంస్థకు మూలపురుషుడు ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ అన్న సంగతి కొందరికి గుర్తుండవచ్చు. వ్యాపారాన్ని ఆయన ఎంత ఆనందంగా చేశారో గుర్తున్నవారు మాత్రం అరుదు.

లాభాపేక్ష లేని మనిషి వ్యాపారంలో ఆనందాన్ని ఎలా పొందగలడు? ఆ ఆనందం ఆయనతోపాటు అంతరించిపోయిందా, లేక దేశానికి ఏమైనా మిగిల్చి వెళ్ళిందా? రాయ్ జీవితాన్ని ఇప్పుడు తిరిగి తలచుకోవడం ఈ రెండు ప్రశ్నల కోసమే.

ఆయన 1861 ఆగస్టు 2న నేటి బంగ్లాదేశ్‌లోని రారూలీ గ్రామంలో జన్మించారు. కపోతాక్షి నదీతీరాన ఉన్న ఆ ఊరు ఆనాడు జెస్సోర్ జిల్లాలోది. తండ్రి హరీశ్ చంద్ర రాయ్ జమీందారు. పారశీకం, ఆంగ్లం అభ్యసించినవాడు, పుస్తకప్రియుడు. పిల్లల చదువుల కోసం కుటుంబం 1870లో కలకత్తా చేరింది. బాలుడు హేర్ స్కూలులో చదువుతుండగా 1874లో తీవ్రమైన రక్తవిరేచనాల వ్యాధి పట్టుకుంది. చదువు మానుకొని ఇంటిపట్టున ఉండవలసి వచ్చింది. ఆ వ్యాధి నయమైనా అజీర్ణం, నిద్రలేమి ఆయనను జీవితాంతం వదలలేదు.

బడి లేని ఆ కాలమే ఆయనకు అసలు బడి అయింది. ఎవరూ అడగకుండా, పరీక్ష అన్నది లేకుండా తండ్రి గ్రంథాలయంలోని పుస్తకాలను తనివితీరా చదివారు. స్వయంగా లాటిను మొదలుపెట్టారు. మహనీయుల జీవితచరిత్రలంటే ఆయనకు మక్కువ. అందులోను బెంజమిన్ ఫ్రాంక్లిన్ చరిత్ర ఆయన మనస్సుకు బాగా హత్తుకున్నది. అచ్చు కార్మికుడిగా బ్రతుకు ప్రారంభించి, వ్యాపారం చేసి, విజ్ఞానశాస్త్రంలో పరిశోధనలు చేసి, దేశసేవలో తరించిన ఆ అమెరికన్ జీవితంలో ఒక పనికి మరొక పని అడ్డురాలేదు. ఆ ఆదర్శం రాయ్‌తో కడదాకా నిలిచింది.

తరువాత విద్యాసాగరుని మెట్రోపాలిటన్ విద్యాసంస్థలో చేరారు. అక్కడ రసాయనశాస్త్ర బోధన లేనందున ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళి పెడ్లర్ ఉపన్యాసాలు వినేవారు. 1882లో గిల్‌క్రైస్ట్ విద్యార్థివేతనం సంపాదించి ఎడింబరో విశ్వవిద్యాలయానికి ప్రయాణమయ్యారు. క్రమ్ బ్రౌన్ శిష్యరికంలో రసాయనశాస్త్రం అభ్యసించి 1887లో డాక్టరేటు పొందారు. అక్కడ విద్యార్థిగా ఉన్నప్పుడే సిపాయీల తిరుగుబాటుకు ముందూ తరువాతా భారతదేశ స్థితిగతులను గూర్చి ఒక వ్యాసం వ్రాసి, బ్రిటిష్ పాలనను సూటిగా విమర్శించారు. ప్రయోగశాలకూ రాజకీయాలకూ మధ్య ఆయన ఎన్నడూ గోడ కట్టుకోలేదు.

1888లో స్వదేశానికి తిరిగివచ్చిన ఈ డాక్టరుకు ఉద్యోగం దొరకలేదు. దాదాపు సంవత్సరకాలం జగదీశ్ చంద్ర బోస్ దంపతుల ఇంట అతిథిగా గడిపారు. 1889లో ప్రెసిడెన్సీ కాలేజీలో నెలకు 250 రూపాయల జీతంపై తాత్కాలిక సహాయాచార్య పదవి లభించింది. అదే అర్హత గల తెల్లవారికి ఉన్నత సర్వీసు, హెచ్చు జీతం దక్కేవి. భారతీయులకు క్రింది సర్వీసే గతి. ఈ అన్యాయాన్ని ఆయన విద్యాశాఖాధిపతి దృష్టికి తీసుకువెళ్ళినప్పుడు, బ్రతకడానికి ఇతర మార్గాలు చాలా ఉన్నవనీ, ఈ ఉద్యోగమే చేయమని ఎవరూ నిర్బంధించలేదనీ సమాధానం వచ్చింది. ఆ అధికారి ఉద్దేశం అవమానించడమే కావచ్చు. రాయ్ మాత్రం ఆ మాటను అక్షరాలా తీసుకున్నారు. ఉద్యోగం వదలకుండానే మరొక మార్గం త్రొక్కారు.

ఆనాటి కలకత్తాలో మందుల దుకాణాలలోని సీసాలన్నీ దాదాపుగా విదేశాల నుండి వచ్చినవే. ముడిపదార్థం మన దేశానిది, సరకు వారిది, లాభమూ వారిదే. ఇటు చూస్తే పట్టాలు పుచ్చుకున్న బెంగాలీ యువకులు గుమాస్తాగిరీ కోసం కచేరీల గుమ్మాల వద్ద పడిగాపులు కాస్తున్నారు. చదువుకున్నవాడు చేతిపని చేయరాదనీ, వ్యాపారం తక్కువరకం వ్యవహారమనీ భద్రలోక సమాజం భావించేది. రసాయనశాస్త్రం బోధించే తానే ఆ శాస్త్రంతో నాలుగు సరకులు తయారుచేసి అమ్మి చూపించకపోతే, పాఠం సగమే చెప్పినట్లని ఆయన నిశ్చయించుకున్నారు.

1892లో అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని 91వ నంబరు అద్దె ఇంట ఏడు వందల రూపాయల మూలధనంతో బెంగాల్ కెమికల్ వర్క్స్ వెలిసింది. ఆయన నివాసమూ అదే, కర్మాగారమూ అదే.

తయారుచేయదలచిన సరకులలో సోడియం ఫాస్ఫేటు ఒకటి. పశువుల ఎముకలను కాల్చి బూడిద చేసి, దానిని గంధకామ్లంతో కలిపి, ఆపైన సోడాతో చర్య జరిపించి దానిని తీయాలి. ఎముకలకు కలకత్తాలో కొదవ లేదు. రాజాబజారు కసాయివాడల నుండి పచ్చి ఎముకలను మూటల కొద్దీ తెప్పించి డాబా మీద ఆరబోయించారు. అది జనవరి మాసం. ఆ నెలలో సాధారణంగా వాన రాదు. ఆ సంవత్సరం వచ్చింది. ఎముకలకు అంటుకున్న మాంసం కుళ్ళి పురుగులు పట్టాయి. కాకులు గుంపులుగా వాలి, ముక్కలను ఎత్తుకుపోయి ఇరుగుపొరుగు ఇళ్ళలో జారవిడవసాగాయి. దుర్గంధం భరించలేక వీధివారు మునిసిపల్ ఆరోగ్యాధికారికి ఫిర్యాదు చేస్తామని హెచ్చరించారు. విధిలేక ఆ మూటలను ఊరిచివర మాణిక్‌తలాలోని ఒక ఖాళీ స్థలానికి తరలించారు. ఇటుక బట్టీ పేర్చినట్లు ఎముకలను పేర్చి రాత్రివేళ నిప్పంటించారు. ఆ మంటను, ఆ వాసనను పసిగట్టి పోలీసులు పరుగెత్తుకు వచ్చారు. ఎవరినో హత్యచేసి శవాన్ని కాలుస్తున్నారన్నది వారి అనుమానం!

ఈ ఉదంతాన్ని రాయ్ వృద్ధాప్యంలో తన ఆత్మకథలో సవిస్తరంగా చెప్పారు. ఆ కథనంలో చేదు కనిపించదు. బాల్యంలోని అల్లరిని తలచుకొనేవాని సంబరం కనిపిస్తుంది. జమీందారు కుమారుడు, ఎడింబరో డాక్టరు, ప్రభుత్వ కాలేజీ ఆచార్యుడు కుళ్ళిన ఎముకల మధ్య నిలబడి బూడిద ఎప్పుడు తెల్లబడుతుందా అని ఎదురుచూసిన దృశ్యం ఆనాటి సమాజానికి మింగుడుపడనిది. ఆయనకు ఆ బూడిద అపవిత్రమూ కాదు, హీనమూ కాదు. శుద్ధిచేసిన కాల్షియం ఫాస్ఫేటు ఎముక నుండి వచ్చిందా, రాయి నుండి వచ్చిందా అని శాస్త్రం అడగదు. ఆయన పొందిన ఆనందానికి పునాది ఇక్కడ ఉన్నదని చెప్పాలి. పనిలో ఎక్కువ తక్కువలు చూడని మనస్సుకు మాత్రమే పని ఆటగా మారుతుంది.

పగలు కాలేజీలో పాఠాలు, ప్రయోగశాలలో పరిశోధన. సాయంకాలం నాలుగున్నరకు ఇల్లు చేరి రాత్రి వరకు కర్మాగారం పని. ముందురోజు వచ్చిన ఆర్డర్లు చూడడం, సరకు తూయించడం, లెక్కలు సరిచూడడం అన్నీ స్వయంగా చేసేవారు. ఒక పని నుండి మరొక పనికి మారడమే ఆయనకు విశ్రాంతి. నిద్ర పట్టని ఆ బక్కపలుచని శరీరం ఇంత భారాన్ని ఎలా మోసిందని ఆశ్చర్యం కలుగుతుంది. మితాహారం, వేళ తప్పని దినచర్య, సాయంకాలపు నడక ఆయన పాటించిన నియమాలు. వీటికి తోడు, తనకు ఇష్టంలేని పని ఏదీ ఆయన తలకెత్తుకోలేదు.

సరకు తయారుచేయడం ఒక ఎత్తు, అమ్మడం మరొక ఎత్తు. విదేశీ ముద్ర ఉంటేనే మందు పనిచేస్తుందని దుకాణదారుల నమ్మకం, రోగుల నమ్మకం కూడా. ఆ సమయంలో సహాధ్యాయి అయిన డాక్టరు అమూల్య చరణ్ బోస్ ముందుకు వచ్చారు. ఇల్లిల్లూ తిరిగి తోటి వైద్యులను ఒప్పించి స్వదేశీ మందులను చీటీలపై వ్రాయించే బాధ్యత ఆయన స్వీకరించారు. బ్రిటిష్ ఔషధ గ్రంథంలోని తయారీలతోపాటు వాము నీరు, అడ్డసరపు పాకం, నేలవేము సారం, కొడిశపాల సారం వంటి మన పెరటి మందులను కూడా ఆధునిక పద్ధతిలో, నిర్ణీతమైన ప్రమాణంతో సీసాలకెక్కించారు. అమ్మమ్మల వైద్యానికి రసాయనశాస్త్రపు తూకం తోడైంది. రాధా గోవింద కర్, నీలరతన్ సర్కార్ వంటి వైద్యులు ఆదరించడంతో బజారు క్రమంగా దారికి వచ్చింది.

ఈ ఆనందానికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువ కాదు. అమూల్య చరణ్ బావమరిది, రసాయనశాస్త్ర పట్టభద్రుడు సతీశ్ చంద్ర సింహా ఈ సంస్థలో చేరి కుడిభుజంగా నిలిచారు. ప్రయోగశాలలో ప్రూసిక్ ఆమ్లం అనే దారుణ విషం ప్రమాదవశాత్తు సోకి ఆ యువకుడు మరణించారు. 1898లో కలకత్తాకు ప్లేగు వచ్చింది. రోగులకు చికిత్సచేస్తూ అమూల్య చరణ్ కూడా దానికే బలయ్యారు. కంపెనీని కట్టిన ముగ్గురిలో రాయ్ ఒంటరిగా మిగిలారు. అప్పుడు సంస్థను మూసివేసి ఉంటే తప్పుపట్టేవారు లేరు. కొద్దిరోజులు దుఃఖంలో మునిగి, తిరిగి సాయంకాలం నాలుగున్నరకు తన బల్ల వద్ద కూర్చున్నారు. కష్టం లేనంతవరకే నిలిచేదైతే అది వినోదం అవుతుంది. ఆయనది ఆ బాపతు కాదు.

1901లో సంస్థ రెండు లక్షల రూపాయల మూలధనంతో లిమిటెడ్ కంపెనీగా మారింది. 1905లో మాణిక్‌తలాలో కర్మాగారం లేచింది. ఎముకల మంటను చూసి పోలీసులు పరుగెత్తుకు వచ్చిన ప్రాంతంలోనే గంధకామ్లం తయారయింది. ఆ సంవత్సరమే వంగవిభజన జరగడం, స్వదేశీ ఉద్యమం చెలరేగడం చరిత్ర. విదేశీ వస్తువులను బహిష్కరించమని వేదికలపై పిలుపునిచ్చినవారు చాలామంది ఉన్నారు. బహిష్కరించినదాని స్థానంలో పెట్టడానికి సీసాను పదమూడేళ్ళ ముందే తయారుచేసి ఉంచినవారిలో రాయ్ ముఖ్యులు. 1903లో కంపెనీలో చేరిన రాజశేఖర బసు క్రమంగా దాని నిర్వహణ భారం వహించారు. ఆయనే తరువాత పరశురామ్ అనే కలంపేరుతో బెంగాలీ హాస్యసాహిత్యంలో అగ్రశ్రేణి రచయితగా వెలిగారు. మందుల కర్మాగారంలో నుండి హాస్యరచయిత పుట్టుకురావడం, అక్కడి వాతావరణం ఎటువంటిదో కొంత చెబుతుంది.

వ్యాపారం ఆయన శాస్త్రాన్ని మింగివేయలేదు. నేతిలో, ఆవనూనెలో కల్తీని కనుగొనడానికి తన కళ్ళ ఎదుట వెన్న తీయించి, గానుగ ఆడించి, నిక్కమైన నమూనాలు సంపాదించి పరీక్షలు జరిపారు. మెర్క్యూరస్ నైట్రైట్ అనే సమ్మేళనాన్ని స్థిరరూపంలో తయారుచేసి 1896లో లోకానికి ప్రకటించారు. మన ప్రాచీనుల రసవిద్యా గ్రంథాలను శోధించి 1902లో, 1909లో రెండు సంపుటాలుగా హిందూ రసాయనశాస్త్ర చరిత్ర వ్రాశారు. తెలుగువారు తమవాడని తలచుకొనే నాగార్జునుని పేరిట ఉన్న రసవాద గ్రంథ పరంపరకు అందులో ఆయన సముచిత స్థానం కల్పించారు. సంస్థను కట్టిన చేతులే శిష్యులనూ తీర్చిదిద్దాయి. నీలరతన్ ధర్, జ్ఞాన్ చంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ్ ముఖర్జీ, మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ ఆయన తరగతిలో కూర్చున్నవారే.

అంత సంపాదన ఏమైంది? 1901-02లో కలకత్తాలో గోఖలే ఇంట నెలరోజులు ఉన్న గాంధీజీకి, పొరుగున ఉన్న రాయ్‌ను గోఖలే పరిచయం చేశారు. నెలకు 800 రూపాయల జీతంలో 40 రూపాయలు తనకు ఉంచుకొని మిగిలినదంతా ప్రజాకార్యాలకు ఇచ్చివేసే మనిషి అన్నది ఆ పరిచయం. గాంధీజీ దానిని తన ఆత్మకథలో నమోదు చేశారు. రాయ్ వివాహం చేసుకోలేదు. 1916లో ప్రెసిడెన్సీ కాలేజీ నుండి విరమించి విశ్వవిద్యాలయ సైన్సు కాలేజీలో పాలిత్ ఆచార్యపదవి స్వీకరించిన తరువాత ఆ భవనంలోని ఒక గదే ఆయన గృహం అయింది. ఒక ఇనుపమంచం, పుస్తకాలు, చుట్టూ పేద విద్యార్థులు. 1921లో అరువది ఏండ్లు నిండిన నాటి నుండి జీతమంతా విశ్వవిద్యాలయానికే వదిలివేశారు. అంతకు రెండేళ్ళ క్రితమే ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. దానివల్ల ఆయన ముతకబట్టలలో గాని, మంచంలో గాని మార్పు రాలేదు.

1921లో ఖుల్నా ప్రాంతంలో కరువు, 1922లో ఉత్తర బెంగాల్‌లో వరదలు వచ్చినప్పుడు సహాయక సంఘాలకు నాయకత్వం వహించారు. కంపెనీ నడిపిన అనుభవం అక్కడ అక్కరకు వచ్చింది. చందాలు, బియ్యం, బట్టలు, స్వచ్ఛందసేవకులు అన్నింటికీ ఒక లెక్క, ఒక పద్ధతి ఏర్పడ్డాయి. మొదట రాట్నాన్ని ఎగతాళి చేసిన ఈ రసాయనశాస్త్రవేత్త, పంట పోయిన రైతు ఇంటిలో చేయడానికి పనిలేక కూర్చున్న చేతులను కళ్ళారా చూసి మనస్సు మార్చుకున్నారు. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శనశాలను ప్రారంభించడానికి కలకత్తా నుండి తరలివచ్చినవారు ఈయనే. గంధకామ్లం గదులు కట్టించినవాడు రాట్నం త్రిప్పమనడం వైరుధ్యంగా తోచవచ్చు. ఆయన దృష్టిలో రెండింటి ప్రయోజనం ఒక్కటే. చేతికి పని, పనికి గౌరవం.

ఆయనతో ఏకీభవించని అంశాలు కూడా లేకపోలేదు. బెంగాలీ యువకుల ఉద్యోగ వ్యామోహాన్ని, వ్యాపారంలో వారి అసమర్థతను ఆయన జీవితాంతం తీవ్రంగా మందలించారు. ఆ మందలింపులో కొంత అన్యాయం ఉన్నది. ఏడు వందల రూపాయలు పోయినా కాలేజీ జీతం ఆయనకు ఉన్నది. ఆ ఆసరా లేని యువకునికి గుమాస్తా కొలువే కుటుంబానికి అన్నం. ఇష్టమైన పనినే ఎన్నుకోమని చెప్పడానికి ముందు, ఎన్నుకొనే అవకాశం ఎందరికి ఉన్నదో చూడాలి. పరాధీన దేశంలో ఆ అవకాశం కొద్దిమందికే ఉండేది. స్వాధీన దేశంలో కూడా అందరికీ రాలేదు. రాయ్ తన జీతాన్ని విద్యార్థులకు, సంస్థలకు పంచిపెట్టడంలో ఈ లోటును తీర్చాలన్న ఆరాటం కనిపిస్తుంది.

1944 జూన్ 16న ఆయన అదే సైన్సు కాలేజీ గదిలో కన్నుమూశారు. కర్మాగారాలు అప్పటికి మాణిక్‌తలా దాటి పానీహాటీకి, బొంబాయికి విస్తరించాయి. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కంపెనీ క్రమంగా చితికిపోయింది. 1977లో కేంద్రప్రభుత్వం యాజమాన్యాన్ని స్వీకరించింది, 1980లో జాతీయం చేసింది. ఏడు వందల రూపాయల కంపెనీ ఆ విధంగా ఢిల్లీ ఫైలుగా మారింది. ఆనాటి నుండి దాని మంచిచెడ్డలను నిర్ణయించినవారిలో సమర్థులు ఉండవచ్చు. సాయంకాలం నాలుగున్నరకు సంతోషంగా దాని లెక్కలు చూసుకొనేవాడు మాత్రం లేకపోయాడు. విచిత్రమేమంటే, విక్రయ నిర్ణయం వెలువడిన 2016-17 ఆర్థిక సంవత్సరంలోనే ఆ కంపెనీ ఆరు దశాబ్దాలకు పైబడిన నష్టాల తరువాత తొలిసారి లాభం చూపింది. ఉద్యోగులు న్యాయస్థానానికి వెళ్ళగా కలకత్తా హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది.

ప్రభుత్వరంగమా, ప్రైవేటురంగమా అన్న వాదం ఢిల్లీలో తెగేది కాదు. రాయ్ జీవితం ఆ వాదంలో ఏ పక్షానికీ పూర్తిగా సాక్ష్యం చెప్పదు. ఆయన స్థాపించినది ప్రైవేటు కంపెనీ. దాని వలన తనకంటూ ఆయన కూడబెట్టుకున్నది లేదు. లాభం లేకుండా సంస్థ నిలవదని ఆయనకు తెలుసు, లెక్కలు స్వయంగా చూసుకున్నది అందుకే. లాభం కోసమే సంస్థ కాదని కూడా ఆయనకు తెలుసు. ఈ రెండు ఎరుకలూ ఒకే మనిషిలో ఉన్నంతకాలం ఆ కర్మాగారం వర్ధిల్లింది. ఒక మనిషి ఉత్సాహాన్ని చట్టం ద్వారా జాతీయం చేయడం సాధ్యం కాదు, టెండరు పిలిచి విక్రయించడం కూడా సాధ్యం కాదు. పనిచేసే ప్రతి తరమూ దానిని తన చేతులతో తిరిగి సంపాదించుకోవలసిందే. బెంగాల్ కెమికల్స్ ఫైలు మళ్ళీ ఏ మంత్రి బల్లమీదకు వచ్చినా, భూముల విలువ కట్టే ముందు ఆయన ఒక్కసారి ఆ డాబాను, ఆ ఎముకల మూటలను తలచుకుంటే మంచిది.